అంతర్జాతీయ ఆర్బిట్రేషనా, రెండు దేశాల కోర్టు కేసులా? కొత్త లాయర్ల కోసం ఒక పోలిక

కోనసీమ ఒడ్డుకి కాస్త దూరంలో, సముద్రం అడుగున రవ్వ చమురు క్షేత్రం ఉంది. అక్కడ తీసిన చమురు సూరసానియానం దగ్గర ఒడ్డు చేరుతుంది. ఈ క్షేత్రం మీద భారత ప్రభుత్వానికీ కొన్ని కంపెనీలకీ 1994లో కాంట్రాక్టు కుదిరింది. కాంట్రాక్టుకు వర్తించేది భారత చట్టం. అందులోని ఆర్బిట్రేషన్ ఒప్పందానికి, అంటే తగాదా వస్తే కోర్టులో కాకుండా తాము ఎంచుకున్న మధ్యవర్తుల (ఆర్బిట్రేటర్ల) ముందు తేల్చుకుంటామన్న ఒప్పందానికి మాత్రం ఇంగ్లాండ్ చట్టం. ఆర్బిట్రేషన్ సీటు, అంటే చట్టం దృష్టిలో అది ఎక్కడ జరిగినట్టో ఆ చోటు, కౌలాలంపూర్. తగాదా వచ్చి, 2003లో హియరింగ్ పెట్టుకునే సమయానికి అక్కడ సార్స్ భయం మొదలైంది. హియరింగ్‌ని ఆమ్‌స్టర్‌డామ్‌కి మార్చారు, ఆ తర్వాత లండన్‌కి. అప్పుడు అసలు గొడవ పుట్టింది. మనుషులతోపాటు సీటు కూడా లండన్ వెళ్లిపోయిందా, కౌలాలంపూర్‌లోనే ఉండిపోయిందా? ఢిల్లీ హైకోర్టు ఇందులో జోక్యం చేసుకోవచ్చా? చివరికి 2011లో మన సుప్రీంకోర్టు తేల్చింది. కూర్చున్న చోటు మారినంత మాత్రాన సీటు మారదనీ, పార్టీలందరూ రాసుకుని సంతకాలు పెడితేనే మారుతుందనీ, ఢిల్లీ కోర్టుకి ఇక్కడ అధికారం లేదనీ చెప్పింది.

అదే కాంట్రాక్టు మీద నడిచిన ఇంకో ఆర్బిట్రేషన్‌లో 2011 జనవరిలో అవార్డు, అంటే ఆర్బిట్రేటర్ల తీర్పు, వచ్చింది. ప్రభుత్వం దాన్ని మలేషియా కోర్టుల్లో సవాలు చేసి, 2016 దాకా పోరాడి ఓడింది. ఈలోగా 2014లో కంపెనీలు అమలు కోసం ఢిల్లీ హైకోర్టుకి వచ్చాయి. లిమిటేషన్ (కేసు వేయడానికి చట్టం ఇచ్చిన గడువు) దాటిందా లేదా అన్న వాదనతో సహా అది సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2020 సెప్టెంబరులో ముగిసింది. అవార్డు వచ్చాక తొమ్మిదేళ్లకు పైగా కోర్టులే.

లా ఫైనలియర్ పిల్లలు ఎవరైనా "అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌లోకి వెళ్లాలా, కోర్టు ప్రాక్టీసులో ఉండి విదేశీ కేసులు చూసుకోవాలా" అని అడిగితే ముందు ఈ రవ్వ కథ చెబుతాను. ఈ కేసుల్లో ఆర్బిట్రేటర్ల ముందు వాదించినవాళ్లకి ఎంత పని దొరికిందో, ఢిల్లీలో, కౌలాలంపూర్‌లో కోర్టు మెట్లెక్కిన లాయర్లకీ అంత పని దొరికింది. బయటినుంచి చూస్తే రెండు వేరు వేరు దారుల్లా ఉంటాయి. లోపలికి వెళ్తే ప్రతి మలుపులో ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. కాబట్టి ఒకటి పట్టుకుంటే రెండోది జన్మలో దొరకదన్న టెన్షన్ అక్కర్లేదు. కానీ మొదటి అయిదేళ్లు ఏ పని చేస్తారన్నది మాత్రం మీరెలాంటి లాయరవుతారో నిర్ణయిస్తుంది. అందుకే ఈ పోలిక రాస్తున్నాను. నేను రెండు పనులూ చేశాను, హైదరాబాద్‌లోనే మొదలుపెట్టాను.

రోజువారీ పని

నా మొదటి పెద్ద ఆర్బిట్రేషన్‌లో ఎనిమిది నెలలు పనిచేసి, హియరింగ్‌లో ఒక్క వాక్యం కూడా మాట్లాడలేదు. నా పని కాగితాలు. క్లయింట్ ఆఫీసు నుంచి వచ్చిన వేల ఈమెయిళ్లు చదవడం, అందులో ఏది మనకి మేలు, ఏది చేటు అని గుర్తుపెట్టడం, సాక్షి చెప్పిన మాటని తేదీలతో సరిపోల్చడం. అవతలివాళ్లని పత్రాలు అడగడానికి రెడ్‌ఫెర్న్ షెడ్యూల్ అని ఒక పట్టిక ఉంటుంది. ఏ పత్రం కావాలి, ఎందుకు కావాలి, వాళ్ల అభ్యంతరం ఏమిటి, దానికి మన జవాబు ఏమిటి, ట్రిబ్యునల్ (కేసు వినే ఆర్బిట్రేటర్ల బృందం) ఏం చెప్పింది అని గడులు గడులుగా సాగుతుంది. ఆ పట్టికతో నేను నెలన్నర కాపురం చేశాను. తర్వాత తెలిసొచ్చింది, కేసు అక్కడే గెలిచామని. అవతలి కంపెనీ ఇవ్వక తప్పని ఒకే ఒక్క మినిట్స్ కాపీ మొత్తం కథ మార్చేసింది.

అదే ఎనిమిది నెలల్లో నాతోపాటు ఎన్‌రోల్ అయిన మిత్రుడు హైకోర్టులో వందసార్లకు పైగా లేచి నిలబడ్డాడు. వాటిలో సగం వాయిదా అడగడానికే అనుకోండి. అయినా జడ్జి కళ్లలోకి చూసి రెండు నిమిషాల్లో కేసు చెప్పడం అతనికి వచ్చేసింది. నాకు రాలేదు. నాకేమో అయిదు వందల పేజీల కాంట్రాక్టులో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం వచ్చింది, అతనికి ఆ ఓపిక అలవడలేదు. పదేళ్ల తర్వాత కూడా మా ఇద్దరి మధ్య ఆ తేడా పోలేదు.

ఆర్బిట్రేషన్‌లో మాట కన్నా రాత ముందు నడుస్తుంది. సాక్షిని తెచ్చుకున్న లాయరే ముందుగా ప్రశ్నలడిగే చీఫ్ ఎగ్జామినేషన్ ఉండదు, అతను రాసిచ్చిన స్టేట్‌మెంటే చీఫ్. హియరింగ్‌లో ఎక్కువ భాగం అవతలి లాయరు సాక్షిని ప్రశ్నించే క్రాస్ ఎగ్జామినేషన్, దానికీ గడియారం పెడతారు. మీకు పదిహేను గంటలిస్తే పదిహేనే. గదిలో ఎవరేం మాట్లాడినా అక్షరం పొల్లుపోకుండా తెర మీద టైపవుతూ ఉంటుంది. ఇద్దరు ఇంజినీర్లని పక్కపక్కన కూర్చోబెట్టి, ఒకే ప్రశ్నకి ఇద్దరి చేతా జవాబు చెప్పించడం కూడా మామూలే. రెండు వారాలు నిద్ర లేకుండా గడిచిపోతాయి, తర్వాత నెలల తరబడి నిశ్శబ్దం, మళ్లీ రాతపూర్వక వాదనలు. కోర్టులో అలా ఉండదు. అక్కడ రోజూ పదిన్నరకి లిస్టు చూసుకోవాలి. మీ నంబరు ఎప్పుడొస్తుందో తెలియదు. క్లయింట్ విమానమెక్కి వచ్చిన రోజే బెంచి కూర్చోదు.

ఇక్కడ ఎవరూ చెప్పని ఒక సంగతి ఉంది. ఆర్బిట్రేషన్ రహస్యంగా జరుగుతుంది. మీరెంత బాగా చేసినా బయట ఒక్కరికీ తెలియదు, చెప్పుకోకూడదు కూడా. కోర్టు తీర్పులో లాయర్ల పేర్లు అచ్చవుతాయి. ఒక మంచి తీర్పు వస్తే దాన్ని చదివినవాళ్లంతా మీ పేరు చూస్తారు. మా ఊరి లాయరు ఫలానా కేసు గెలిచాడని జిల్లా కోర్టు దాకా పాకుతుంది. పెద్ద సంస్థ అండ లేకుండా, మామూలు కుటుంబం నుంచి వచ్చినవాళ్లకి ఈ తేడా చాలా పెద్దది. ఆర్బిట్రేషన్‌లో పేరు రావాలంటే అదే రంగంలోని మనుషుల నోటి మాట మీదే రావాలి, దానికి పదేళ్లు పడుతుంది.

ఇంకో తేడా ముగింపులో ఉంటుంది. అవార్డు మీద అప్పీలు లేదు. ట్రిబ్యునల్ సాక్ష్యాన్ని తప్పుగా చదివిందని మీకు ఎంత గట్టిగా అనిపించినా, దాన్ని రద్దు చేయించే కారణాలు చాలా తక్కువ. మన 1996 ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 34 కింద మూడు నెలల్లో వెయ్యాలి, కోర్టు దయతలిస్తే ఇంకో ముప్పై రోజులు, ఆ తర్వాత తలుపు మూతబడినట్టే. కోర్టు కేసు ఓడితే పై కోర్టు ఉంది, దాని పైన ఇంకోటి ఉంది. ఒక్క ఛాన్సుతో తేలిపోయే పని మీ మనసుకి పడుతుందా లేదా అని నిజాయితీగా చూసుకోండి.

గెలిచాక డబ్బు చేతికి రావడం

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మన పెద్దలు ఊరికే అనలేదు. రెండు దేశాల మధ్య కేసయితే ఇది ఇంకా నిజం. క్లయింట్లు ఆర్బిట్రేషన్ ఎందుకు కోరుకుంటారో అర్థం కావాలంటే ఇక్కడ చూడాలి.

టెక్సస్ కంపెనీకీ హైదరాబాద్ కంపెనీకీ సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టు ఉందనుకోండి. డబ్బు ఎగ్గొట్టారని టెక్సస్ కోర్టులో డిక్రీ తెచ్చుకున్నారు. దాన్ని పట్టుకొచ్చి ఇక్కడ నేరుగా ఎగ్జిక్యూషన్ (అమలు పిటిషన్) వేయడం కుదరదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 44ఎ కింద మన ప్రభుత్వం గుర్తించిన దేశాల డిక్రీలకే ఆ వెసులుబాటు. బ్రిటన్, సింగపూర్ ఉన్నాయి, 2020 జనవరిలో యూఏఈ కూడా చేరింది. అమెరికా లేదు. కాబట్టి ఆ డిక్రీ ఆధారంగా మూడేళ్లలోపు ఇక్కడ కొత్తగా దావా వెయ్యాలి. అప్పుడు కూడా సెక్షన్ 13 అడ్డం నిలబడుతుంది. కేసు గుణదోషాల మీద తీర్పు ఇచ్చారా, అవతలివాడికి నోటీసు సరిగ్గా అందిందా, మోసం ఉందా అని అన్నీ చూస్తారు. ప్రతివాది రాలేదని యాంత్రికంగా ఇచ్చేసిన డిక్రీ చాలాసార్లు ఇక్కడే నీరుగారిపోతుంది.

అదే తగాదాలో అమెరికాలోనే ఆర్బిట్రేషన్ జరిగి అవార్డు వచ్చి ఉంటే దారి వేరు. ఒక దేశపు అవార్డుని ఇంకో దేశంలో అమలు చేసేందుకు కుదిరిన 1958 న్యూయార్క్ కన్వెన్షన్‌లో 170కి పైగా దేశాలు ఉన్నాయి. మన దేశం 1960లో ఆమోదించింది. మన గెజిట్‌లో నోటిఫై అయిన దేశం అవార్డయితే, నేరుగా హైకోర్టులో అమలు పిటిషన్ వేస్తారు. అభ్యంతరాలు 1996 చట్టం సెక్షన్ 48లో చెప్పిన కొద్ది కారణాలకే పరిమితం. ఒకే గొడవ, ఒకే ఇద్దరు పార్టీలు, కానీ క్లాజు ఒకటి మారితే ఫలితం ఇంత మారుతుంది. కాంట్రాక్టు రాసేటప్పుడు ఈ ముక్క ముందే చెప్పగలిగిన లాయరు క్లయింటుకి కోట్లు మిగిల్చినట్టే.

అంతమాత్రాన కోర్టు లాయరుకి పని తగ్గదు. అవార్డు కాగితం మీద ఉంటుంది, ఆస్తులు దేశదేశాల్లో ఉంటాయి. బ్రిటన్ చమురు కంపెనీ కెయిర్న్ కేసు చూడండి. పాతకాలం నుంచి వర్తించేలా వేసిన పన్ను మీద 2020 డిసెంబరులో భారత ప్రభుత్వానికి వ్యతిరేకంగా 120 కోట్ల డాలర్లకు పైగా అవార్డు వచ్చింది. కంపెనీ ఊరుకోలేదు. ప్యారిస్‌లో భారత ప్రభుత్వ ఆస్తుల మీద కోర్టు ఉత్తర్వు తెచ్చింది, ఎయిర్ ఇండియా మీద న్యూయార్క్‌లో దావా వేసింది. 2021లో పార్లమెంటు చట్టం మార్చి ఆ పన్నునే వదులుకుంది. దేవాస్ అనే కంపెనీకీ ఇస్రో వ్యాపార విభాగమైన యాంట్రిక్స్ సంస్థకీ మధ్య తగాదాలో అయితే దేవాస్ పక్షాన 2015లో 56 కోట్ల డాలర్లకు పైగా అవార్డు వచ్చాక, మోసం జరిగిందన్న కారణంతో దేవాస్ కంపెనీని మూసేయాలన్న ఉత్తర్వును 2022లో మన సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తర్వాత 2025 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు కూడా ఆ అవార్డు గురించే, తమ దేశపు కోర్టులకి యాంట్రిక్స్ మీద అధికారం ఉందా లేదా అన్న ఒక ప్రశ్న మీద తీర్పు చెప్పాల్సి వచ్చింది. ఈ పనంతా కోర్టు లాయర్లదే. ఆర్బిట్రేషన్ ఎంత పెరిగితే, దాని చుట్టూ ఈ పని అంత పెరుగుతుంది.

ప్రభుత్వాల మీద పెట్టుబడిదారులు వేసే ఈ కేసులే కాలేజీ పిల్లల్ని ఎక్కువ ఆకర్షిస్తాయి. వోడాఫోన్, కెయిర్న్ పేర్లు విని చాలామంది ఇదే నా దారి అంటారు. ఉన్నమాట చెప్పాలి. అందులో ఉద్యోగాలు వేళ్ల మీద లెక్కపెట్టాల్సినవి. ఆస్ట్రేలియా కంపెనీ వైట్ ఇండస్ట్రీస్ వేసిన కేసులో 2011లో ఓడిన తర్వాత మన ప్రభుత్వం పాత పెట్టుబడి ఒప్పందాలు చాలావరకు రద్దు చేసుకుంది. వాషింగ్టన్‌లోని ఇక్సిడ్ (పెట్టుబడి తగాదాల పరిష్కార కేంద్రం) వ్యవస్థలో మనం ఎప్పుడూ చేరలేదు. ఆసక్తి ఉంటే చదవండి, మంచి చదువే. బతుకుతెరువు మాత్రం వ్యాపార తగాదాల మీద కట్టుకోండి.

చాలామంది పట్టించుకోని పని

రెండు దేశాల కోర్టు కేసులంటే కంపెనీలే గుర్తొస్తాయి. మన తెలుగువాళ్లకి సంబంధించి అసలు రద్దీ కుటుంబ కేసుల్లో ఉంది. పెళ్లి ఇక్కడ, కాపురం అమెరికాలో, విడాకుల కేసు అక్కడ, ఆస్తి గుంటూరులో, తల్లిదండ్రులు మియాపూర్‌లో. ఇందులో ఆర్బిట్రేషన్ ఎందుకూ పనికిరాదు, అంతా కోర్టే.

ఈ చట్టానికి మూలమైన తీర్పుల్లో ఒకటి మన దగ్గర పుట్టిందే. 1975లో తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక జంట విషయంలో భర్త అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో విడాకుల డిక్రీ తెచ్చుకున్నాడు. అది ఇక్కడ చెల్లదని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కారణాల మీదే విడాకులివ్వాలనీ, రెండో పక్షం మనస్ఫూర్తిగా ఆ కోర్టుకి లోబడి ఉండాలనీ సూత్రాలు పెట్టింది. ముప్పై ఏళ్లు దాటినా ఈరోజుకీ ప్రతి ఎన్నారై విడాకుల కేసులో ఆ తీర్పుతోనే మొదలుపెడతాం.

పిల్లల విషయం ఇంకా సున్నితం. పిల్లల్ని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తీసుకెళ్లిపోతే తిరిగి పంపే 1980 హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. అందుకే అమెరికా కోర్టు ఉత్తర్వు చేతిలో ఉన్నా, ఇక్కడ హైకోర్టులో హేబియస్ కార్పస్ (బిడ్డని కోర్టు ముందుకు తెప్పించమనే పిటిషన్) వేసి, బిడ్డ క్షేమం ఎక్కడుందో మొదటినుంచి వాదించాలి. అర్ధరాత్రి న్యూజెర్సీ నుంచి ఒక తండ్రో, ఫ్లైటు దిగి ఏడుస్తూ ఒక తల్లో ఫోన్ చేస్తారు. అవతలి వైపు కూడా అంతే బాధ ఉంటుంది. ఈ పని చేసే లాయరుకి చట్టంతోపాటు తెలుగిళ్ల మనసు తెలియాలి. అత్తమామలతో, మేనమామతో మాట్లాడగలగాలి. మన భాష, మన ఊళ్లు, మన బంధుత్వాలు తెలిసినవాళ్లకి ఇక్కడ ఉన్న విలువ లండన్‌లో చదివొచ్చినవాళ్లకి కూడా ఉండదు. అయినా మంచి మార్కులతో బయటికొచ్చిన పిల్లలు దీన్ని చిన్నచూపు చూస్తున్నారు. అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి

హైదరాబాద్‌లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ కేంద్రం, అదే ఐఏఎంసీ, 2021 డిసెంబరులో ప్రారంభమైంది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ చొరవతో వచ్చింది. దానికి రాయదుర్గంలో ఇచ్చిన భూమి కేటాయింపును తెలంగాణ హైకోర్టు 2025లో రద్దు చేసింది. కాబట్టి కేంద్రం పెట్టగానే పని వచ్చి పడుతుందని అనుకోవద్దు. కేంద్రాలు అలా పెరగవు. సింగపూర్ ఆర్బిట్రేషన్ సెంటర్ 1991లో మొదలై, ఈ స్థాయికి రావడానికి దశాబ్దాలు పట్టింది. దుబాయ్‌లో అయితే డీఐఎఫ్‌సీ పేరుతో లండన్ సంస్థతో కలిసి నడిచిన కేంద్రాన్ని 2021లో ఒకే ఒక్క డిక్రీతో ఎత్తేశారు. దాని పేరుతో క్లాజులు రాసుకున్న కంపెనీలన్నీ కంగారుపడ్డాయి.

హైదరాబాద్ బలం వేరే చోట ఉంది. ఫార్మా సప్లై ఒప్పందాలు, ఐటీ సేవలు, విద్యుత్ ప్రాజెక్టులు, విదేశీ యంత్రాల కొనుగోళ్లు. తగాదా ఇక్కడ పుడుతుంది, కాగితాలు, సాక్షులు ఇక్కడే ఉంటారు. కానీ పెద్ద కేసు పట్టుకునేది తరచుగా ఢిల్లీ, ముంబై సంస్థలు, వాదన జరిగేది సింగపూర్‌లో. అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌లో ఆర్బిట్రేటర్‌ని నియమించమని సెక్షన్ 11 కింద వేసే పిటిషన్ కూడా హైకోర్టుకి కాదు, సుప్రీంకోర్టుకే వెళ్లాలి. అందుకే ఈ పని మీద గట్టిగా మనసున్నవాళ్లకి ఢిల్లీలో రెండు మూడేళ్లు తప్పదని నా అభిప్రాయం. అక్కడ గది అద్దె, తిండి, ఒంటరితనం అన్నీ లెక్కేసుకోండి. జూనియర్లకి పట్టణాల్లో నెలకి 20,000, పల్లెల్లో 15,000 ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో చెప్పింది. అది సలహా మాత్రమే. చాలా ఛాంబర్లలో అంత కూడా రాదు.

విజయవాడ, గుంటూరు వైపు వాళ్లకి అమరావతిలో హైకోర్టు 2019 నుంచి ఉంది. అక్కడ అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ పని తక్కువ, విదేశీ డిక్రీలు, ఎన్నారై ఆస్తులు, కుటుంబ కేసులు ఎక్కువ. పోటీ తక్కువ కాబట్టి చిన్న వయసులోనే సొంతంగా వాదించే అవకాశం వస్తుంది. ఇది చిన్న విషయం కాదు.

సింగపూర్, లండన్ సంగతి. ఆర్బిట్రేషన్‌లో సీటుగా ఎక్కువమంది ఇష్టపడే నగరాలపై లండన్‌లోని క్వీన్ మేరీ యూనివర్సిటీ చేసిన 2021 సర్వేలో ఈ రెండూ సమానంగా మొదటి స్థానంలో నిలిచాయి. ఆర్బిట్రేషన్‌కి ఉన్న పెద్ద లాభం ఏమిటంటే, ఏ దేశంలో లైసెన్సు ఉన్నా సింగపూర్‌లో ట్రిబ్యునల్ ముందు వాదించవచ్చు. కోర్టు కేసులో ఆ వీలు లేదు. సింగపూర్ కోర్టులో నిలబడాలంటే మామూలుగా అక్కడి బార్‌లో ఉండాలి. దేశాలు మారుతూ బతకాలనుకునేవాళ్లకి ఆర్బిట్రేషన్ సరిపోతుంది, ఒక కోర్టులో వేళ్లూనుకుని, ఆ కోర్టుకి బయటి దేశాల కేసుల్ని రప్పించుకోవాలనుకునేవాళ్లకి లిటిగేషన్ సరిపోతుంది. మన వైపు లిటిగేషన్ అంటే తగాదాలో ఉన్న స్థలం అనే అర్థం కూడా ఉంది కదా, ఇంట్లో చెప్పేటప్పుడు ఆ మాట వాడకండి, అమ్మానాన్నలు కంగారుపడతారు!

ఎల్‌ఎల్‌ఎం, లైసెన్సు, అప్పు

జెనీవా, స్టాక్‌హోమ్, లండన్‌లో క్వీన్ మేరీ, సింగపూర్‌లో ఎన్‌యూఎస్, వీటిలో ఆర్బిట్రేషన్ మీద మంచి కోర్సులున్నాయి. కాలేజీలో ఉండగా వియన్నాలో జరిగే విస్ మూట్‌కి (లా విద్యార్థులు ఊహాజనిత ఆర్బిట్రేషన్ కేసు వాదించే పోటీకి) వెళ్లగలిగితే ఇంకా మంచిది. 1994 నుంచి నడుస్తున్న ఆ పోటీలో ఈ రంగం వాళ్లే జడ్జిలుగా కూర్చుంటారు. అక్కడ పరిచయమైనవాళ్లే తర్వాత ఇంటర్న్‌షిప్ ఇస్తారు. నల్సార్, విశాఖ దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ లాంటి చోట్ల చదివేవాళ్లకి మూట్‌ల అలవాటు ఉంటుంది. లాసెట్ రాసి జిల్లా కాలేజీలో చేరినవాళ్లకి ఆ అలవాటు చేసేవాళ్లే ఉండరు. వాళ్లకి నేను చెప్పేది, మూట్ లేకపోయినా సుప్రీంకోర్టు ఆర్బిట్రేషన్ తీర్పులు వరసగా చదవండి. 2012 బాల్కో తీర్పు నుంచి మొదలుపెట్టండి. విదేశంలో సీటు ఉన్న ఆర్బిట్రేషన్‌లో మన కోర్టులు ఎందుకు తలదూర్చవో అక్కడ అర్థమవుతుంది. తర్వాత 2021లో అమెజాన్, ఫ్యూచర్ కేసు చదవండి. సింగపూర్ సెంటర్ నియమించిన ఎమర్జెన్సీ ఆర్బిట్రేటర్ (ట్రిబ్యునల్ ఏర్పడేలోపు అత్యవసర ఉత్తర్వులిచ్చే ఆర్బిట్రేటర్) ఉత్తర్వు ఢిల్లీలో ఎలా చెల్లిందో అందులో ఉంది. ఈ రెండూ శ్రద్ధగా చదివినవాళ్లు ఇంటర్వ్యూలో మూట్ చేసినవాళ్లకి తీసిపోరు.

ఎల్‌ఎల్‌ఎంకి అప్పు చేసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: డిగ్రీ అయ్యాక ఆ దేశంలో నన్ను ఉద్యోగంలోకి ఎవరు తీసుకుంటారు? అమెరికాలో ఎల్‌ఎల్‌ఎం తర్వాత పనిచేసుకోవడానికి ఒక్క ఏడాదే గడువు. ఇంగ్లాండ్ సొలిసిటర్ అవ్వాలంటే 2021 నుంచి ఎస్‌క్యూఈ పరీక్ష రాయాలి. రెండు దశల ఫీజు కలిపి అయిదు లక్షల రూపాయలు దాటుతుంది, కోచింగ్ వేరే. ఒక మేలు ఏమిటంటే, ఇండియాలో అడ్వకేటుగా ఎన్‌రోల్ అయినవాళ్లు రెండేళ్ల పని అనుభవం అక్కడ వేరేగా చూపించాల్సిన పనిలేదు. కాబట్టి ముందు ఇక్కడ ఎన్‌రోల్ అయి, ఆలిండియా బార్ ఎగ్జామ్ పాసయి, మూడు నాలుగేళ్లు పనిచేసి, ఆ తర్వాత వెళ్లినవాళ్లకి దారి సులువు. డిగ్రీ అయిన నెలలోనే వెళ్లి, చేతిలో అనుభవం లేక, గడువు ముగిసి, నలభై లక్షల అప్పుతో తిరిగొచ్చిన పిల్లల్ని నేను చూశాను. వాళ్లలో తెలివి తక్కువవాళ్లు ఒక్కరూ లేరు. తొందరపడ్డారంతే.

ఇంకో చిక్కు ముందే తెలిసి ఉండాలి. ఆర్బిట్రేషన్ సంస్థలో కేస్ కౌన్సెల్‌గానో, కంపెనీలో లీగల్ ఉద్యోగంలోనో జీతానికి చేరితే, బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం ప్రాక్టీస్ ఆపేసి సనదు (లాయరు లైసెన్సు) సస్పెండ్ చేయించుకోవాలి. సంస్థలో రెండేళ్లు పనిచేస్తే లోపలి వ్యవహారం బాగా తెలుస్తుంది, ఆర్బిట్రేటర్లు ఎలా ఆలోచిస్తారో అర్థమవుతుంది. ఆ రెండేళ్లూ కోర్టులో సీనియారిటీ మాత్రం పెరగదు. మళ్లీ తిరిగొచ్చే ఆలోచన ఉంటే ఇది లెక్కలోకి తీసుకోండి.

విదేశీ లాయర్లు ఇక్కడికి రావడం గురించి కూడా భయపడేవాళ్లున్నారు. వాళ్లు వచ్చి వెళ్తూ సలహా ఇవ్వవచ్చని, అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ నడపడానికి పూర్తి అడ్డు లేదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. రిజిస్టర్ చేసుకునే నియమాలు 2023లో వచ్చాయి. మన కోర్టులో నిలబడే హక్కు మాత్రం వాళ్లకి లేదు. కోర్టు పని తెలిసిన మన లాయరు అవసరం వాళ్లకి ఇంకా పెరుగుతుంది.

ఎవరికి ఏది

గంటల తరబడి ఒంటరిగా చదవగలిగి, ఇంగ్లీషులో పొందికగా రాయగలిగి, పేరు కనిపించకపోయినా ఫర్వాలేదనుకుంటే, ఊళ్లు మారడానికి ఇంట్లో ఇబ్బంది లేకపోతే ఆర్బిట్రేషన్ మీకు బాగుంటుంది. ఇంగ్లీషు మీడియంలో చదవలేదని వెనక్కి తగ్గకండి. అక్కడ కావాల్సింది యాస కాదు, స్పష్టంగా రాయడం. అది రోజుకో పేజీ రాస్తే వస్తుంది. కంపెనీ లెక్కలంటే భయం ఉంటే మాత్రం ఆలోచించుకోండి. నష్టపరిహారం లెక్కలు అర్థం కాని ఆర్బిట్రేషన్ లాయరు సగం కేసు ఇంకొకరికి అప్పగించాల్సి వస్తుంది. కామర్స్ చదివొచ్చినవాళ్లకి, ఇంజినీరింగ్ చేసి మూడేళ్ల లా చదివినవాళ్లకి ఇక్కడ నిజమైన మేలుంది.

నలుగురి ముందు మాట్లాడాలన్న ఉత్సాహం, మనుషులతో నేరుగా పని, అనుకోనిది జరిగితే అప్పటికప్పుడు సర్దుకోవడం మీ స్వభావమైతే కోర్టు పట్టుకోండి. విదేశీ డిక్రీలు, అవార్డుల అమలు, ఎన్నారై ఆస్తి, పిల్లల కస్టడీ, ఈ నాలుగింటిలో ఒకదాన్ని లోతుగా నేర్చుకోండి. ఒక్కటి బాగా వస్తే మిగిలిన మూడూ వెతుక్కుంటూ వస్తాయి.

ఆడపిల్లల తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగేది వేళల గురించి. రెండింటిలోనూ వేళలు కష్టమే, తీరు వేరు. ఆర్బిట్రేషన్‌లో హియరింగ్ తేదీలు ఏడాది ముందే తెలుస్తాయి కాబట్టి ప్లాన్ చేసుకోవచ్చు, కానీ ఆ వారాల్లో ఇల్లు మర్చిపోవాలి, లండన్‌తో, న్యూయార్క్‌తో ఫోన్లు అర్ధరాత్రి దాటాకే ఉంటాయి. కోర్టులో సాయంత్రానికి ఇంటికి రావచ్చు, కానీ రేపటి లిస్టు రాత్రి దాకా తెలియదు. పసిబిడ్డలున్న ఇద్దరు జూనియర్లు నా దగ్గర పనిచేశారు. ఒకరు మొదటిది నయమన్నారు, ఇంకొకరు రెండోది.

ఇద్దరి దారికీ పనికొచ్చే మొదటి మెట్టు ఏదని అడిగితే, హైకోర్టులో కమర్షియల్ పని, అంటే 1996 చట్టంలోని సెక్షన్ 9 (తాత్కాలిక ఉత్తర్వులు), 34 (అవార్డు రద్దు), 48 (విదేశీ అవార్డు అమలుపై అభ్యంతరాలు) పిటిషన్లు చూసే సీనియర్ దగ్గర మూడేళ్లు. కోర్టు అవార్డుని ఎక్కడ కొట్టేస్తుందో చూసినవాళ్లే కొట్టేయలేని కేసు నడపడం నేర్చుకుంటారు. మొన్న వేసవిలో రాజమండ్రి నుంచి ఒక అమ్మాయి ఒక చేతిలో లండన్ ఎల్‌ఎల్‌ఎం అడ్మిషన్, ఇంకో చేతిలో అలాంటి ఛాంబర్ ఆఫర్ పెట్టుకుని వచ్చింది. అడ్మిషన్ ఒక ఏడాది వాయిదా వేయించుకోవచ్చేమో ముందు యూనివర్సిటీకి ఈమెయిల్ పెట్టమన్నాను. జవాబు వచ్చాక, తల్లిదండ్రులతో కూర్చుని అప్పు వాయిదాలు ఎన్ని, నెలకి ఎంత కట్టాలి అన్నది కాగితం మీద రాసుకుని, అప్పుడు మళ్లీ రమ్మన్నాను.